రెండేళ్ల గడువు ఏ రోజు నుంచి?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచీ ఊపిరి తీస్తే గురగుర చప్పుడు. పిల్లల డాక్టరు ఆస్తమా అని రెండేళ్లు నెబ్యులైజర్ పెట్టించారు. న్యుమోనియా అని తొమ్మిదో నెలలో ఒకసారి, ఏడాదిన్నర వయసులో ఒకసారి అదే ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. 22 నెలల క్రితం వేరేచోట సీటీ యాంజియోగ్రామ్ తీస్తే డబుల్ ఆర్టిక్ ఆర్చ్ అన్నారు. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం రెండు పాయలై, శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ ఉంగరంలా చుట్టేసిందట. నెల తర్వాత ఆపరేషన్ అయింది. చప్పుడు ఇంకా కొంచెం ఉంది. ఆ డాక్టరు మీదా, సర్జన్ మీదా పోలీసు కేసు పెట్టవచ్చా? పాత చీటీలు ఇల్లు మారినప్పుడు పోయాయి. తెలిసిన డాక్టరొకరు పాత తేదీలు వేసి రాసిస్తానంటున్నారు.

జవాబు: అమ్మా, మీరు రాసిన నాలుగు పేజీలూ చదివాను. పైన ఇచ్చింది దాని సారాంశమే. మూడు పేజీలు మీరు పడిన బాధ. కేసును తేల్చే మాట మాత్రం మూడో పేజీ అడుగున ఏదో గుర్తొచ్చినట్టు రాశారు: ‘గట్టి పదార్థం పెడితే అడ్డం పడి కక్కేవాడు, డాక్టరుకు చెప్పాం కూడా.’ ఆ ‘చెప్పాం’కి కాగితం ఉందా? నాకు కావలసింది అదొక్కటే.

ఎందుకంటే అరుదైన జబ్బును పోల్చుకోలేకపోవడం దానంతటది నిర్లక్ష్యం కాదు. వట్టి చప్పుడు విని ఆస్తమా అనుకుంటే, చాలామంది డాక్టర్లు అలాగే అనుకుంటారని ఎదుటి లాయరు వాదిస్తాడు, గెలుస్తాడు కూడా. కానీ చప్పుడు పుట్టుక నుంచీ ఉంది, నెబ్యులైజర్‌కు తగ్గలేదు, పైగా ముద్ద దిగడం లేదు. ఈ మూడూ ఒకే డాక్టరు ముందుకు వచ్చాక కూడా బేరియం తాగించి ఎక్స్‌రే అయినా తీయించలేదంటే అది వేరే సంగతి. ఆ పరీక్షలో అన్నవాహిక మీద నొక్కు పడిన గుర్తు సాధారణంగా కనిపిస్తుంది.

ఇక గడువు. మీకు సరిపడే దారి పోలీసు కేసు కాదు, నష్టపరిహారం కోరుతూ వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. దానికి వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. మీరు ఆపరేషన్ తేదీ నుంచి లెక్క వేసుకుని ఇంకా మూడు నెలలు ఉందనుకుంటున్నారు. సీటీ రిపోర్టు చేతికొచ్చిన రోజునే అసలు విషయం మీకు తెలిసింది. లెక్క అక్కడి నుంచే. అంటే మిగిలింది రెండు నెలలు. ఆపరేషన్‌లో లోపల ఉండిపోయిన గాజుగుడ్డ తొమ్మిదేళ్లకు బయటపడిన ఒక కేసులో, అన్నేళ్లు నొప్పి భరిస్తూ మొదటి డాక్టరును అడగనేలేదని సుప్రీంకోర్టు 2010లో ఫిర్యాదును కొట్టేసింది. బాబు మైనరు కదా, ఎప్పుడైనా వేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మి కూర్చోకండి. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలు చట్టంలో ఉంది. ‘ఇల్లు మారాం’ అనేది ఆ కారణం కాదు.

పాత తేదీలతో రాయించుకునే ఆలోచన ఇప్పుడే మానుకోండి. అది ఫోర్జరీ. మందు బ్యాచ్ నంబరో, రిజిస్టరులో లేని వరస నంబరో పట్టించేస్తుంది. అప్పుడు డాక్టరు బాధితుడు, మీరు ముద్దాయి. నిజంగా చెప్పిన మాటకు కూడా విలువ పోతుంది. బిడ్డ జబ్బు కాగితాలు పారేసుకోవడమే తప్పు, దాన్ని నేరంతో పూడ్చుకుంటారా?

అసలు కాగితాలు ఇంకా ఉండే చోటు ఉంది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. తొమ్మిదో నెల అడ్మిషన్‌కు ఆ గడువు దాటిపోయింది. ఏడాదిన్నర అప్పటిదానికి ఇంకా ఆరు నెలలు ఉంది. డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చి పంపిస్తే ఒప్పుకోకండి, కేస్ షీటు మొత్తం, ముఖ్యంగా నర్సుల నోట్సు అడగండి. డాక్టరు రాయనిది రాత్రి డ్యూటీ నర్సు రాస్తుంది. ‘తినిపిస్తుంటే దగ్గు, కక్కాడు’ అని ఒక్క వరుస దొరికినా మీ కేసు నిలబడుతుంది. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అప్పటి ఛాతీ ఎక్స్‌రే ఫిల్ములు ఇంట్లో ఎక్కడైనా ఉంటే రేడియాలజిస్టుకు మళ్లీ చూపించండి.

పోలీసు కేసు మాట వదిలేయండి. 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన జేకబ్ మాథ్యూ తీర్పు తర్వాత డాక్టరు మీద క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం చూపాలి, మరో డాక్టరు అభిప్రాయమూ కావాలి. సర్జన్‌ను అసలు కలపకండి. రింగు విడదీసినా, ఏళ్లుగా నొక్కుకుపోయి మెత్తబడిన శ్వాసనాళం గట్టిపడటానికి నెలలూ ఏళ్లూ పట్టవచ్చు, అందాకా చప్పుడు ఉండవచ్చు. అది ఆయన తప్పు కాదు. రేపు మీ తరఫున సాక్ష్యం చెప్పగలిగింది ఆయనే.

ఈ వారంలో రికార్డులకు అర్జీ, సర్జన్ నుంచి లిఖితపూర్వక అభిప్రాయం. వచ్చే నెలలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. రికార్డులు రాకపోయినా ఫిర్యాదు ఆపొద్దు, వాటిని తెప్పించమని కమిషన్‌నే కోరవచ్చు. బాబు తింటూ ఉక్కిరిబిక్కిరి అవుతున్న వీడియోను ఆ డాక్టరుకు వాట్సాప్‌లో పంపామని చివరి పేజీలో రాశారు. దానికి భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ సర్టిఫికెట్ జతచేయాలి. ఆ ఫోనును కొత్తదాని కోసం ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయకండి.