గాట్లు పెట్టాలా, కట్స్ చేయాలా?

సందేహం: ఇంగ్లండులో ఇంటి పనుల మీద తీసిన వీడియోలకు తెలుగు మాటలు రాస్తున్నాను. బాత్‌రూమ్‌లో కార్పెట్ వేసే ఘట్టానికి 'కమోడ్ చుట్టూ తివాచీ పరచి, దాని చుట్టూ కట్స్ చేయాలి' అని రాశాను. చాపనైతే పరుస్తారు గానీ నేలకు బిగించేదాన్ని పరచడమేమిటని మా ఎడిటర్ అంటున్నారు. జంపఖానా అని రాయమని ఇంకొకరి సలహా. కట్స్‌కు తెలుగు మాట లేదా? – ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్

సమాధానం: పరచడంలో తప్పేమీ లేదు. మన ఊళ్లో పాత ఇళ్లకు షాబాద్ బండలు పరిచారనే అంటాం. పొద్దున లేవగానే వాటిని చుట్టి మూలన పెట్టం కదా!

మీ వాక్యంలో ఇబ్బంది మరోచోట ఉంది. రెండో 'చుట్టూ' ముందున్న 'దాని' కమోడా, తివాచీయా? తివాచీ అనుకున్నవాడు దాని నాలుగంచులకూ కత్తెర పెట్టేస్తాడు.

ఇక కట్స్. ఈ పనిలో కోతలు రెండు రకాలు. కమోడ్ వెనక గోడవైపు అంచు నుంచి కమోడ్ దాకా తివాచీని ఒకే బారున కోస్తారు. కోత కమోడ్ వెనకాల పడుతుంది కాబట్టి కంటికి ఆనదు. దీన్ని 'నిలువునా కోయడం' అంటే చాలు. కమోడ్ అడుగుభాగం గుండ్రంగా ఉంటుంది గనుక, అక్కడ తివాచీ ఉబ్బకుండా కొద్ది కొద్ది ఎడంలో చిన్నగా కోస్తారు. విడివడిన రెక్కలు వంపును ఆనుకుని కూర్చుంటాయి. ఆపైన మిగులు కోసేస్తారు. ఈ చిన్న కోతలకు 'గాట్లు' ఉండగా కట్స్ ఎందుకు? గుత్తివంకాయకు పెట్టేవీ గాట్లే. కాయ ముక్కలుగా విడిపోకూడదు, కత్తి తొడిమ దగ్గర ఆగాలి. గాటు అనగానే ఆ ఆగడం కూడా వినిపిస్తుంది. అయితే గాట్లు 'చేయరు', పెడతారు.

ఇలా మార్చండి: 'తివాచీని గోడవైపు అంచు నుంచి కమోడ్ దాకా నిలువునా కోసి, వంపు దగ్గర గాట్లు పెట్టి, కమోడ్ చుట్టూ ఇమిడేలా పరచాలి.' మగ్గుతో నీళ్లు గుమ్మరించుకునే మన బాత్‌రూముల్లో ఈ ప్రయోగం వద్దని కూడా ఒక ముక్క కలపండి. అది వ్యాకరణం కాదులెండి.

జంపఖానా మాత్రం వద్దు. అది వరంగల్‌లో నేసే నూలు నేత, పరిచి మడిచి ఎత్తేసేది. ఏలూరు ఉన్ని తివాచీల్లా కుచ్చు లేచి ఉండేది ఈ కార్పెట్, కాబట్టి తివాచీయే దగ్గరి మాట. కార్పెట్ అనే రాసినా నాకు అభ్యంతరం లేదు. కమోడ్‌కు తెలుగు వెతకనివాళ్లం దీని దగ్గరే పట్టుబట్టడం దేనికి?