టెక్ సందేహాలు: రిషభాన్ని సా చేస్తే పంచమం ఎందుకు తప్పింది?

ప్రశ్న: శంకరాభరణం పాడుతుంటే నా గాంధారం తంబురాతో చక్కగా కలుస్తోందని మా గురువుగారు అంటున్నారు. ఫోన్‌లోని ట్యూనర్ యాప్ మాత్రం 14 సెంట్లు తక్కువని చూపిస్తోంది. ఎవరిని నమ్మాలి?
- సంగీత విద్యార్థిని, హనుమకొండ

మీ గురువుగారినే నమ్మండి. యాప్ లెక్క వేరు. అది స్థాయిని (సా నుంచి పై సా దాకా) 12 సమాన భాగాలు చేసి, ఒక్కోదానికి 100 సెంట్లు ఇస్తుంది. ఆ లెక్కలో అంతర గాంధారం, అంటే శంకరాభరణంలోని గాంధారం, 400 సెంట్ల దగ్గర ఉంటుంది. మీ గొంతు పట్టుకున్నది షడ్జమానికి 5/4 నిష్పత్తిలో ఉన్న గాంధారం, అంటే 386 సెంట్లు. ఇలా చిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తులతో స్వరాలు కుదుర్చుకునే పద్ధతినే జస్ట్ ఇంటొనేషన్ అంటారు.

మీ సా 240 హెర్ట్జ్ అనుకుందాం. ఆ తీగ మీటితే దాని ఐదో హార్మోనిక్ (ఐదు రెట్ల దగ్గర సన్నగా పలికే ఉపస్వరం) 1200 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మీరు పాడే 300 హెర్ట్జ్ గాంధారానికి నాలుగో హార్మోనిక్ కూడా 1200. అందుకే రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కీబోర్డు గాంధారం 302.4 హెర్ట్జ్. దాని నాలుగో హార్మోనిక్ 1209.5 దాకా పోతుంది కాబట్టి సెకనుకు తొమ్మిదిన్నర సార్లు అదురు వినిపిస్తుంది. పంచమంలో ఈ తేడా 2 సెంట్లే, ఎవరూ పట్టించుకోరు.

యాప్ సెట్టింగ్స్‌లో టెంపరమెంట్ (స్వరాల దూరాలు కుదిర్చే పద్ధతి) ఉంటే జస్ట్ ఎంచుకుని, రూట్ దగ్గర మీ శ్రుతి పెట్టండి. రూట్ పెట్టకపోతే మార్చినా లాభం లేదు.

ప్రశ్న: సర్జ్ ఎక్స్‌టీ అనే సింథసైజర్ సాఫ్ట్‌వేర్‌లో శంకరాభరణానికి జస్ట్ ఇంటొనేషన్ ఫైల్ తయారు చేసుకున్నాను, బ్రహ్మాండంగా ఉంది. గ్రహభేదం చేసి రిషభాన్ని సా అనుకుంటే ఖరహరప్రియ రావాలి కదా! పంచమం మాత్రం చెవికి గుచ్చుకుంటోంది. సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉందా?
- కీబోర్డు వాద్యకారుడు, జమ్మికుంట

బగ్ ఏమీ లేదు, మీ చెవి నిక్కచ్చిగా ఉంది. మీరు పంపిన ఫైల్‌లో రి 9/8, గ 5/4, మ 4/3, ప 3/2, ద 5/3, ని 15/8. ఇప్పుడు రి మీద కూర్చుంటే మీ కొత్త పంచమం పాత ధైవతమే. 5/3ను 9/8తో భాగిస్తే 40/27 వస్తుంది, అంటే 680 సెంట్లు. అసలు పంచమానికి 702 కావాలి. ఆ 22 సెంట్ల లోటే 81/80 నిష్పత్తి, మనవాళ్లు ప్రమాణ శ్రుతి అనేది దాన్నే.

సమాన భాగాల కీబోర్డులో ఏ మెట్టు మీద మొదలుపెట్టినా అడుగులన్నీ ఒకే పొడవు కాబట్టి ఈ లోటు బయటపడదు. మీ ఫైల్‌లో సా నుంచి రి 204 సెంట్లు, రి నుంచి గ 182 మాత్రమే. సా జరిగితే అడుగుల వరసే మారిపోతుంది. ధైవతాన్ని 27/16కి పెంచితే సరిపోతుందా? రి-ద కుదురుతుంది కానీ ఇన్నాళ్లూ 5/4గా ఉన్న మ-ద 81/64 అవుతుంది, శంకరాభరణం చెడుతుంది.

కాబట్టి ఖరహరప్రియకు దాని సా మీదే వేరే ఫైల్ చేసుకోండి: రి 9/8, గ 6/5, మ 4/3, ప 3/2, ద 27/16, ని 9/5. గాంధారం 32/27 తీసుకుంటే నిషాదాన్ని కూడా 16/9 చేయండి, ఆ రెండింటి మధ్య పంచమం దూరం (3/2) నిలబడాలి. నాకు 6/5 ఇష్టం. అయితే ఈ రాగంలో గాంధారానికి గమకం (స్వరాన్ని ఊపుతూ పలకడం) ఉంటుంది కాబట్టి ఆ అంకె తీగ సాగే స్వరానికి ఒక ఆధారం మాత్రమే. స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ వీల్ వదలకండి.

పేరు విషయంలో కూడా జాగ్రత్త. ఖరహరప్రియ 22వ మేళకర్త (72 మూల రాగాల్లో 22వది) అంటే ఏ స్వరస్థానాలో తెలుస్తుంది, ఏ నిష్పత్తులో తెలియదు. ఇంకొకరి ఖరహరప్రియ ఫైల్‌లో రి 10/9 ఉండొచ్చు. గాంధార ధైవతాల నిష్పత్తులు ఫైల్ పేరులోనే రాసుకోండి, ఏడాది తర్వాత తెరిచినా తికమక పడరు.

ప్రశ్న: స్వరాల దూరాలు రాసే స్కాలా ఫైల్‌లో గాంధారానికి 386 అని టైప్ చేశాను. ఆ మెట్టు నొక్కితే అసలు స్వరమే రావడం లేదు.
- కరీంనగర్ పాఠకుడు

386.0 అని రాయండి. చుక్క లేకపోతే స్కాలా ఫార్మాట్ దాన్ని 386/1 నిష్పత్తి అనుకుంటుంది. ఇంకో మాట: ఏడు స్వరాలే రాస్తే మామూలు మ్యాపింగ్‌లో (ఏ మెట్టుకు ఏ స్వరమో చెప్పే అమరికలో) ఏడు మెట్లకే స్థాయి ముగుస్తుంది. వాడని స్వరాలను కూడా నింపి 12 వరసలు రాయండి, చివరిది 2/1.

ప్రశ్న: మా అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాటను రికార్డు చేసి పిచ్ కరెక్షన్ పెట్టాను. శుభ్రంగా వచ్చింది కానీ అమ్మమ్మ గొంతులా లేదు.
- నర్సంపేట నుంచి

దయచేసి కరెక్షన్ తీసేయండి. అది ఆమె స్వరాలను దగ్గర్లో ఉన్న సమాన మెట్టు మీదికి లాగేసింది. అసలు రికార్డింగ్‌ను వేవ్ ఫైల్‌గా విడిగా దాచండి. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పిచ్ గీత హెర్ట్జ్‌లో కనిపిస్తుంది. ఆమె మళ్లీ మళ్లీ వచ్చి ఆగే స్వరాన్ని సా అనుకుని, మిగతావాటిని దానితో భాగించండి. వచ్చిన నిష్పత్తులతో ఫైల్ చేసి, వెనక వాద్యాన్ని ఆమెకు శ్రుతి చేయండి. చప్పట్లు, కోరస్ ఉన్న చోట పిచ్ గీత తెగిపోతుంది కాబట్టి ఆమె ఒక్కతే పాడిన చరణం తీసుకోండి.