కొత్త పిల్లి, పాత సోఫా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

*కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్ళ నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే గోడు వెళ్ళబోసుకున్నాయి: సోఫా, తలుపు, కర్టెన్లు, చేతులు. అందుకే ఈ సంచికలో మిగతా విషయాలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాం.*

ప్రశ్న: రెండేళ్ళ ఆడపిల్లిని దత్తత తెచ్చుకుని మూడు వారాలైంది. సోఫా చేతులు రెండూ పీచుపీచు చేసేసింది. దానికోసమే కొన్న గీకుడు స్తంభాన్ని కనీసం వాసన కూడా చూడటం లేదు. గట్టిగా అరిస్తే పారిపోతుంది, మేం అటు తిరగ్గానే మళ్ళీ మొదలుపెడుతుంది. ఈ అలవాటు మాన్పించడం ఎలా?

పిల్లి గీకడం మానదండి. ఆ ఆశ ముందే వదులుకుంటే పని సులువవుతుంది. మన చేతిలో ఉన్నది అది ఎక్కడ గీకాలో నిర్ణయించడం.

పిల్లి గోరు ఉల్లిపాయలా పొరలు పొరలుగా పెరుగుతుంది. పాతబడ్డ పైపొరను ఊడగొట్టుకోవడానికి అది గీకుతుంది. సోఫా కింద ఊడ్చేటప్పుడు నెలవంకలాంటి సన్నని గుల్లలు దొరికితే గోరు విరిగిందేమోనని కంగారు పడకండి, అవి ఆ పొరలే. నిద్ర లేవగానే వీపు, భుజాలు సాగదీసుకోవడానికి కూడా గీకుతుంది. మూడో కారణం మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యం. పిల్లి పంజాల్లో, వేళ్ళ మధ్య వాసన గ్రంథులు ఉంటాయి. గీకినప్పుడల్లా ఆ వాసన అక్కడ అంటుకుంటుంది, కంటికి కనిపించే గీతలూ మిగులుతాయి. ‘ఇది నా చోటు’ అని అది రాసుకునే పద్ధతి అది. తనకేమాత్రం తెలియని ఇంట్లోకి వచ్చిన పిల్లికి ఈ అవసరం మామూలు కంటే ఎక్కువ. అందుకే అందరూ కూర్చునే, అందరి వాసనా ఉండే సోఫాను ఎంచుకుంది. మీ మీద కోపంతో చేస్తున్న పని కాదు.

ఇప్పుడు స్తంభం సంగతి. అది ఎక్కడ పెట్టారో మీరు రాయలేదు. చాలా ఇళ్ళలో అందాన్ని పాడుచేస్తుందని ఏ మూలగదిలోనో పెడతారు. ఎవరూ తిరగని చోట వాసన గుర్తు పెట్టి పిల్లికి ఒరిగేదేమీ లేదు. రేపే దాన్ని తెచ్చి సోఫా చెయ్యికి ఆనించినంత దగ్గరగా పెట్టండి. రెండో చెయ్యి దగ్గరా ఒకటి కావాలి, ప్రస్తుతానికి గరుకైన అట్టముక్క నిలబెట్టినా పర్వాలేదు. అది నిద్రపోయే చోటుకు రెండడుగుల దూరంలో ఇంకొకటి.

తర్వాత స్తంభాన్నే పరీక్షించండి. పైభాగాన్ని రెండు వేళ్ళతో పక్కకు లాగి చూడండి. ఊగితే పిల్లి దాన్ని నమ్మదు. నాలుగు కిలోల జంతువు ఒళ్ళంతా వేలాడేసి లాగుతుంది, ఒక్కసారి అది మీద పడితే ఇక ఆ దరిదాపులకు పోదు. ఎత్తు కూడా చూడండి. వెనక కాళ్ళ మీద నిలబడి ముందు కాళ్ళు పూర్తిగా చాచినా ఇంకా కొంత మిగలాలి. పెద్ద పిల్లికి 75 నుంచి 90 సెంటీమీటర్లు ఉండాలి. కొన్న వాటిలో చాలావాటికి అంత ఎత్తు ఉండదు.

అన్నీ సరిగా ఉన్నా పట్టించుకోకపోతే తప్పు పదార్థంలో ఉందన్నమాట. సోఫా మీది గీతలు ఎటు పోతున్నాయో చూడండి. పైనుంచి కిందికి ఉంటే నిలువు స్తంభం, కింద పరిచిన తివాచీనో డోర్‌మ్యాట్‌నో కూడా పీకుతుంటే నేలమీద పెట్టే అట్ట పలక. గుడ్డ నేత వదులుగా ఉన్నచోట గోరు బాగా చిక్కుకుంటుంది, పిల్లికి కావలసింది ఆ పట్టే. సిసల్ (గరుకైన ఒక రకం మొక్కనార) తాడు లేదా సిసల్ నేత, పొరలు పొరలుగా అంటించిన అట్ట, బెరడుతో ఉన్న మెత్తని కొయ్య – ఈ మూడూ దగ్గర దగ్గరగా పెట్టి వారం రోజులు గమనించండి. దేనికి మొగ్గితే అదే ఖాయం చేయండి.

అదే సమయంలో సోఫా రుచించకుండా చేయాలి. ముందు ఆ చోటును సబ్బునీళ్ళతో తుడిచి ఆరనిచ్చి, తర్వాత సర్జికల్ స్పిరిట్‌తో ఒకసారి తుడిస్తే పాత వాసన గుర్తు చాలావరకు పోతుంది. స్పిరిట్ రంగు దింపుతుందేమో కనపడని చోట ముందు చూసుకోండి. ఆరాక రెండువైపులా అంటుకునే టేపును నిలువుగా, రెండు మూడు వేళ్ళ ఎడంతో వరసగా అంటించండి. తోలు సోఫాకు టేపు నేరుగా వద్దు, పైపొర లేచిపోతుంది. మందపాటి ప్లాస్టిక్ షీటును బిగుతుగా చుట్టండి. స్తంభం పెట్టడం, సోఫా కప్పడం – ఈ రెండు పనులూ ఒకే రోజు జరగాలి. సోఫా మూసేసి వేరే దారి చూపించకపోతే పక్కనున్న కుర్చీకి పోతుంది.

స్తంభం మీద పంజా వేసిన ప్రతిసారీ, రెండు మూడు సెకన్లలోపే, దానికి ఇష్టమైన తిండి చిన్న తునక ఇవ్వండి. ఆలస్యమైతే ఎందుకిచ్చారో దానికి అర్థం కాదు. స్తంభం చుట్టూ ఈకల బొమ్మ ఆడిస్తే ఆటలో గోళ్ళు తాడుకు తగిలి సంగతి తనంతట తనే కనిపెడుతుంది. పంజాలు పట్టుకుని బలవంతంగా తాడుకు రుద్దే పని మాత్రం వద్దు, మొదటికే మోసం వస్తుంది. క్యాట్‌నిప్ (వాసనతో పిల్లుల్ని ఆకర్షించే ఒక మొక్క) పొడి చల్లమని చాలామంది చెబుతారు. పనిచేసేది మూడింట రెండు వంతుల పిల్లుల మీదే. మీది పట్టించుకోకపోతే లోపమేమీ లేదు.

ప్రశ్న: ఇంట్లోనే గట్టి స్తంభం చేసుకుందామనుకుంటున్నాం. కొలతలు చెప్పగలరా?

స్తంభానికి 10 సెంటీమీటర్ల వ్యాసం, 90 సెంటీమీటర్ల పొడవు ఉన్న గుండ్రటి కొయ్య దుంగ తీసుకోండి. పీటకు 50 సెంటీమీటర్ల చదరం, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ ముక్కలు రెండు. రెంటినీ ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికించి బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. పీట అడుగు నుంచి దుంగలోకి 90 మిల్లీమీటర్ల స్క్రూలు నాలుగు, ముందు సన్నని రంధ్రాలు వేసుకుని, జిగురు రాసి బిగించండి. పిల్లి లాగినప్పుడు భారమంతా పడేది ఈ అతుకు మీదే. ఒక్క స్క్రూతో సరిపెడితే నెలలో స్తంభం తిరగడం మొదలవుతుంది. అనుమానం ఉంటే ఇనుప ఎల్ పట్టీలు కూడా వేయండి. అంతా కలిపి తొమ్మిది పది కిలోలు తూగాలి.

తాడు 8 మిల్లీమీటర్ల సిసల్ అయితే మంచిది. నూనె పట్టించనిది, రంగు వేయనిది అడగండి. యంత్ర నూనె వాసన ఉన్న తాడును చాలా పిల్లులు ముట్టవు. ఎంత కావాలో లెక్క ఇది: ఒక్కో చుట్టుకు సుమారు 34 సెంటీమీటర్లు పడుతుంది. 80 సెంటీమీటర్ల ఎత్తు కప్పడానికి వంద చుట్లు, అంటే 34 మీటర్లు. 36 మీటర్లు తెచ్చుకోండి. కింది నుంచి మొదలుపెట్టి, పది చుట్లకోసారి సుత్తితో కిందికి కొట్టి దగ్గరకు చేర్చాలి. సందు మిగిలితే గోరు అందులో ఇరుక్కుంటుంది. నాలుగు చుట్లకోసారి జిగురు పలచగా రాస్తే తాడు ఒకచోట తెగినా మొత్తం ఊడిరాదు. చివరలు రెంటినీ మేకులతో బిగించి, మేకు తలలు తాడు కిందికి పోయేలా చూడండి. జిగురు పూర్తిగా ఆరి వాసన పోయాకే పిల్లి ముందు పెట్టండి.

ఇంకో మాట. కొన్ని నెలలకు తాడు చింపిరి చింపిరిగా అవుతుంది. చూడలేక పారేస్తారు చాలామంది. పిల్లి దృష్టిలో అప్పుడే అది బాగా పనికొచ్చే స్థితికి వచ్చింది, దాని వాసనా గీతలూ దానిమీదే ఉన్నాయి. మార్చక తప్పకపోతే సగం తాడే మార్చండి, లేదా కొత్తదాన్ని పాతదాని పక్కన కొన్ని వారాలు ఉంచాక పాతది తీయండి.

ప్రశ్న: నీళ్ళు చిమ్మడం, నిమ్మనూనె రాయడం, నాఫ్తలీన్ ఉండలు పెట్టడం – వీటిలో ఏది మంచిది?

మూడూ వద్దు. నాఫ్తలీన్ పిల్లులకు విషం. నిమ్మ, టీట్రీ, లవంగం లాంటి గాఢమైన నూనెలను అరిగించి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. పంజాకు అంటినది నాకుతుంది కాబట్టి నేరుగా కడుపులోకే పోతుంది. నీళ్ళు చిమ్మితే అది నేర్చుకునేది ‘ఈ మనిషి ఉన్నప్పుడు గీకకూడదు’ అని మాత్రమే. కొత్తగా వచ్చిన పిల్లి మీ మీద నమ్మకం కూడగట్టుకుంటున్న రోజులివి. భయం పెరిగితే గుర్తులు వేయడం కూడా పెరుగుతుంది. గీకుతుండగా కంటపడితే చిన్నగా చప్పట్లు కొట్టి దృష్టి మళ్ళించి, బొమ్మతో స్తంభం దగ్గరికి తీసుకెళ్ళండి. అంతే చాలు.

ప్రశ్న: గోళ్ళు కత్తిరిస్తే గీకడం తగ్గుతుందా? ఆపరేషన్ చేయించి గోళ్ళు తీసేయించవచ్చని ఎవరో చెప్పారు.

గీకడం తగ్గదు, నష్టం తగ్గుతుంది. మొనలేని గోరు గుడ్డను చీల్చలేదు. రెండు మూడు వారాలకోసారి, నిద్రమత్తులో ఉన్నప్పుడు పట్టుకోండి. వేలిని పైనా కిందా మెల్లగా నొక్కితే గోరు బయటికి వస్తుంది. లోపల గులాబీ రంగులో కనిపించే భాగంలో రక్తనాళం, నరం ఉంటాయి. దాని జోలికి పోకుండా కొనలో పారదర్శకంగా వంకర తిరిగిన ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే తీయాలి. మన గోళ్ళ కట్టర్ కొన్నిసార్లు గోరును నొక్కి చీలుస్తుంది, పిల్లుల కోసం చేసిన చిన్న కత్తెర వాడండి. మామూలుగా ముందు పాదాలకు అయిదేసి, వెనకవాటికి నాలుగేసి, మొత్తం 18 గోళ్ళు. సోఫాను చీల్చేవి ముందువి పదే. ముందు పాదాల్లో లోపలివైపు కాస్త పైగా ఉండే గోరును మరిచిపోకండి. అది నేలకు ఆనదు, అరగదు. ముసలి పిల్లుల్లో పెరిగి పాదం మెత్తలోకి గుచ్చుకుంటుంది. కొత్త పిల్లి అయితే మొదట్లో వేళ్ళు పట్టుకుని వదిలేసి తిండి తునక ఇవ్వండి. ఓర్చుకున్నాక రోజుకు ఒకటి రెండు గోళ్ళు. పొరపాటున రక్తం వస్తే మొక్కజొన్న పిండి అద్ది మూడు నాలుగు నిమిషాలు నొక్కిపట్టండి. ఆగకపోతే పశువైద్యుల దగ్గరికి వెళ్ళాలి.

ఇక ఆ ఆపరేషన్. అందులో తీసేది గోరు ఒక్కటే కాదు, వేలి చివరి ఎముకను కూడా. మన వేళ్ళను చివరి కణుపు దగ్గర నరికేయడంతో సమానం. నొప్పి ఏళ్ళ తరబడి ఉండొచ్చు, నడక మారుతుంది, మలమూత్రాలకు వాడే మట్టి పళ్ళెంలో అడుగుపెట్టడానికి జంకుతుంది, ఆత్మరక్షణకు కరవడం మొదలుపెడుతుంది. ఎన్నో దేశాలు దీన్ని నిషేధించాయి. దయచేసి ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి.

ప్రశ్న: రాత్రి మేం పడకగది తలుపు వేసుకోగానే బయటినుంచి తలుపు గీకుతూ అరుస్తుంది. తెల్లవారుజామున మరీ ఎక్కువ.

ఇది గుర్తు వేయడం కాదు, తలుపు తెరవమని అడగడం. మొదట దాని మట్టి పళ్ళెం, నీళ్ళు, పడక తలుపుకు అవతలే ఉన్నాయో లేదో చూసుకోండి. పిల్లులు పొద్దు గుంకేటప్పుడూ, తెల్లవారేటప్పుడూ చురుగ్గా ఉంటాయి కాబట్టి పడుకునే ముందు పదిహేను నిమిషాలు పరుగెత్తించి ఆడించి, ఆ వెంటనే రాత్రి భోజనం పెట్టండి. వేట, తిండి, నిద్ర – దాని ఒంటికి అలవాటైన వరస అదే.

తలుపు తెరవకూడదని నిర్ణయించుకుంటే ఇంట్లో అందరూ కట్టుబడి ఉండాలి. అయిదు రాత్రులు ఓర్చుకుని ఆరో రాత్రి తెరిస్తే, ఆరు రాత్రులు గీకితే తెరుచుకుంటుందని నేర్పినవారవుతారు. ఆగిపోయే ముందు గోల ఒకసారి పెరుగుతుంది, ఓపిక పట్టండి. తలుపు అడుగుభాగాన ప్లాస్టిక్ షీటు బిగించి పక్కనే స్తంభం పెట్టండి. అయితే దత్తత తెచ్చిన మొదటి వారాల్లోనే ఇలా చేస్తుంటే, వీలైతే కొన్నాళ్ళు లోపలికి రానివ్వడమే మేలు.

ప్రశ్న: మూడు నెలల కూన కర్టెన్లు పట్టుకుని పైకి ఎక్కుతోంది, పిల్లల చేతులు రక్కుతోంది.

కర్టెన్లు ఎక్కుతున్నది ఎత్తు కోసం. ఎక్కడానికి వీలైన అరలు గానీ, ఎత్తైన స్తంభం గానీ కిటికీ పక్కన ఇచ్చి, కొన్ని నెలలు కర్టెన్ల అంచు పైకి కట్టేయండి. చేతుల విషయంలో నియమం ఒక్కటే: చెయ్యి ఎప్పుడూ ఆటవస్తువు కాకూడదు. పొడుగు కర్రకు కట్టిన బొమ్మతో రోజుకు రెండు మూడుసార్లు, అయిదు పది నిమిషాలు ఆడించండి. చెయ్యి పట్టుకుంటే లాక్కోకుండా కదలకుండా ఉంచితే ఆట ఆగిపోతుంది, వదిలేస్తుంది. చర్మం గీరుకుపోతే సబ్బుతో, ధారగా పడే నీళ్ళకింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించండి. కూనకు రేబిస్ టీకా పడిందో లేదో తెలియనప్పుడు ఇది వాయిదా వేసే పని కాదు.

ప్రశ్న: మా పిల్లి ఇప్పుడు స్తంభమే గీకుతోంది. సోఫా మీది టేపు తీసేయొచ్చా? స్తంభాన్ని గది మూలకు జరపొచ్చా?

వరసగా మూడు నాలుగు వారాలు సోఫా జోలికి పోకపోతే తీయొచ్చు. ఒకేసారి కాదు, ముందు ఒక చెయ్యి, వారం తర్వాత రెండోది. టేపు మొత్తం తీసిన తర్వాత ఇంకో వారం ఆగి స్తంభాన్ని కదపడం మొదలుపెట్టండి. రోజుకు నాలుగు వేళ్ళ దూరం మించవద్దు. మధ్యలో సోఫా మీద కొత్త గీత కనిపిస్తే, స్తంభం కిందటిసారి ఎక్కడ ఉన్నప్పుడు సరిగా వాడిందో అక్కడికి వెనక్కి జరపండి. పడక దగ్గరి స్తంభాన్ని మాత్రం ఎప్పటికీ కదపకండి.