రెండు నెలల్లో వచ్చిన మతిమరుపు వయసు వల్లేనా?

మీ అమ్మగారికి 68 ఏళ్లనీ, రెండు నెలలుగా మతిమరుపు ఎక్కువైందనీ, ఇది వయసు వల్లా లేక అల్జీమర్సా అనీ అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. కానీ "రెండు నెలలుగా" అన్న మాట చదవగానే మా నాన్న గుర్తొచ్చారు.

అప్పుడు నాన్నకు 72. పెరట్లో నాచు మీద కాలు జారి పడ్డారు. తలకు బొప్పి కట్టింది, అంతే. మర్నాటికి అందరం మర్చిపోయాం. నెల తిరిగేసరికి, వేసుకున్న బీపీ మాత్ర మళ్లీ వేసుకోబోయేవారు. రోజూ వెళ్లే రామాలయం నుంచి ఇంటికి దారి తెలియక నిలబడిపోయారు. పగలంతా మత్తుగా పడుకునేవారు. చాదస్తం అనుకున్నాం. నేను విసుక్కున్నాను కూడా, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మొదట చూపించిన చోట జ్ఞాపకశక్తికని టానిక్ రాసి పంపేశారు.

ఎడమ కాలు ఈడ్చడం మొదలయ్యాక న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ మొదట అడిగింది, "ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా?" అని. సీటీ స్కాన్‌లో పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరినట్టు తేలింది. సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. వయసు పెరిగే కొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోతుంది. దాంతో పైనున్న సన్నటి సిరలు సాగి, చిన్న దెబ్బకే చిట్లుతాయి. రక్తం వారాల తరబడి కొద్దికొద్దిగా చేరి మెదడును నొక్కుతుంది. గుండె కోసం రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. నాన్న అవే వాడుతున్నారు. పుర్రెకు చిన్న రంధ్రాలు చేసి రక్తం తీసేశారు. మూడో రోజు నన్ను పేరు పెట్టి పిలిచి, కాఫీలో పంచదార చాలలేదన్నారు.

మీ అమ్మగారికీ ఇదేనని కాదు. అల్జీమర్స్ మామూలుగా ఏళ్ల మీద మెల్లగా ముదురుతుంది. వారాల్లోనో నెలల్లోనో మనిషి మారిపోతే వేరే కారణం కూడా వెతకాలి. బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, సోడియం పడిపోవడం రక్తపరీక్షలో తెలుస్తాయి. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గొచ్చు. నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు, డిప్రెషన్ కూడా మతిమరుపు తెస్తాయి. వాడే మందులన్నీ సంచిలో వేసుకుని న్యూరాలజిస్ట్‌కు చూపించండి. ఒక్కసారిగా తికమకపడినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఎక్కడైనా పడ్డారేమో అమ్మగారిని నెమ్మదిగా అడగండి. మా నాన్న బాత్రూంలో ఇంకోసారి పడ్డారట. మేం కంగారుపడతామని ఆపరేషన్ అయ్యేదాకా చెప్పలేదు.