చేతిరాత అందంగా ఉండేవారిని తెలుగులో ఏమంటారు?

మీ బళ్ళో ఏటా సర్టిఫికెట్ల మీద పేర్లు రాసే మాస్టారు రిటైరవుతున్నారు, సన్మాన పత్రంలో ఆయన్ని ఏమనాలి, కవి, గాయకుడు లాగా ఒక్క మాట ఉందా అని అడిగారు. జనం నోట్లో నలిగిన మాటైతే నేనెప్పుడూ వినలేదు. మనవాళ్ళ మెప్పంతా రాతకే పోతుంది. "ముత్యాల్లాంటి అక్షరాలు", "అచ్చు గుద్దినట్టు రాస్తారు" అంటారు. బాగోకపోతే కోడి కెలికినట్టుందని తేల్చేస్తారు.

రాతే బతుకుతెరువైనవాళ్ళకు మాత్రం పేర్లకు కొదవ లేదు. మా పెదనాన్న దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట రేకుల షెడ్డులో ఆయన బల్ల ఉండేది. బోర్డు మీద 'లేఖరి' అని ఉన్నా, వచ్చే రైతులంతా "రైటరు గారూ" అనే పిలిచేవారు. (పోలీసు స్టేషన్లో రాతపని చూసే కానిస్టేబుల్‌నీ రైటరనే అంటారు.) వేసవి సెలవుల్లో పాత దస్తావేజు నేను చదువుతుంటే ఆయన కొత్తది రాసేవారు. మొదటి వరుస నుంచి సంతకాల దాకా అక్షరం సైజు మారేది కాదు. వరుస చివర ఖాళీ మిగిలితే, తర్వాత ఎవరూ మాట ఇరికించకుండా అడ్డగీత గీసేసేవారు. సొమ్ము అంకెల్లో వేసి, పక్కనే 'అక్షరాలా' అని మాటల్లో రాసేవారు. కొట్టివేత పడిందంటే, ఫలానా వరుసలో ఫలానా మాట కొట్టివేయడమైనదని చివర మళ్ళీ రాయాల్సిందే.

అంత పట్టింపు ఊరికే కాదు. అప్పట్లో ఆ దస్తావేజును ఆఫీసులో ఇంకొకరు చదివి, రిజిస్టరు పుస్తకంలోకి మొత్తం చేత్తో ఎక్కించేవారు. "వాడికి అర్థం కాకపోతే తూర్పు హద్దు పడమరకి పోద్దిరా" అనేవారు పెదనాన్న. 1998 చివర్లో 'కార్డ్' పేరుతో ఉమ్మడి రాష్ట్రంలోని రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లొచ్చి, స్కానింగ్ మొదలయ్యాక ఆ నకలు పని పోయింది. రైటర్ల బల్లల మీదికీ మెల్లగా డీటీపీ వచ్చేసింది.

కరణాల రాత ఇంకో లోకం. దాన్ని గొలుసుకట్టు అంటారు. కలం ఎత్తకుండా రాస్తూ పోతారు, ఒక అక్షరం తోక పక్క అక్షరంలోకి వెళ్ళిపోతుంది. వేగం కోసం పుట్టిన రాత కాబట్టి అందం సంగతి తర్వాత. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యింది. ఆ కాగితాలు గడగడా చదివేవాళ్ళు ఇప్పుడు ఊరికొకరు దొరికినా గొప్పే.

ఇంకా వెనక్కి వెళితే రాయసకాడు ఉన్నాడు. తాటాకు గ్రంథాలకు నకళ్ళు రాసింది వీళ్ళే. సి.పి. బ్రౌన్ కడపలో పండితులతో పాటు ఇలా నకళ్ళు రాసేవాళ్ళనూ సొంత ఖర్చుతో పెట్టుకున్నాడు. విజయనగర కాలంలో రాయసం అంటే చిన్న గుమాస్తా పనేం కాదు, రాయసం కొండమరుసు కృష్ణదేవరాయల దగ్గర పెద్ద అధికారి. ఆ మాట ఇంటిపేరుగా ఇప్పటికీ ఉంది.

మీరు వెతుకుతున్న మాట అచ్చంగా ఉర్దూలో ఉంది: ఖుష్‌నవీస్, అంటే అందంగా రాసేవాడు. రాతపని చేసేవాణ్ణి కాతిబ్ అంటారు. హైదరాబాద్ ఛత్తా బజార్లో శుభలేఖల షాపుల మధ్య ఉర్దూ అక్షరాలు చేత్తో రాసేవాళ్ళు ఉండేవారు. ఉర్దూ పత్రికలు కూడా కంప్యూటర్ రాకముందు కాతిబ్‌ల చేతిరాతతోనే అచ్చయ్యేవి.

ఇక మీ మాస్టారి సంగతి. 'లేఖరి' అంటే స్టాంపు కాగితం గుర్తొస్తుంది. 'లేఖకుడు' అంటే కథలు రాస్తారనుకుంటారు. 'క్యాలిగ్రాఫర్' అంటే ఆయనే నవ్వుతారేమో. పాటగాడు, ఆటగాడు లాగా 'రాతగాడు' చక్కగానే అమరుతుంది కానీ, సన్మాన పత్రంలో మాస్టారిని 'గాడు' అనడానికి చెయ్యి రాదు. నేనైతే బిరుదు జోలికి పోకుండా, "ఈ బడి ఇచ్చిన సర్టిఫికెట్ల మీద మా పేర్లన్నీ మీ దస్తూరీయే" అని రాస్తాను. దస్తూరి అంటే చేతిరాతేనని ఆ వయసు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ప్రామిసరీ నోట్లలో చూసే ఉంటారు. పత్రాన్ని మాత్రం ఫ్లెక్సీ షాపులో కొట్టించకండి. ఆయన పాత విద్యార్థుల్లో రాత బాగున్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళచేత రాయించండి.