ముందు చక్రం డ్రైవ్ ఫ్లాంజ్ ఊడి రావడం లేదా? సుత్తి ఎత్తే ముందు దాన్ని ఏది పట్టుకుందో చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ. బండి పాత ఫోర్ వీల్ డ్రైవ్, ముందు సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. నకిల్ (స్టీరింగ్ తిప్పితే చక్రంతో పాటు తిరిగే ఇరుసు చివరి భాగం) దగ్గర గేర్ ఆయిల్, గ్రీజు కలిసిపోయి కారుతుంటే లోపలి సీలు మార్చాలని విప్పడం మొదలుపెట్టారు. ఎడమ వైపు డ్రైవ్ ఫ్లాంజ్‌కు (యాక్సిల్ తిరుగుడును చక్రానికి అందించే బయటి పళ్లెం) ఉన్న ఆరు నట్లూ తీశారు, లాగి ఊడదీసే పనిముట్టు పుల్లర్ వేశారు, సుత్తితో కొట్టారు. అయినా కదల్లేదు. గేర్ల నుంచి యాక్సిల్‌కు బలం తెచ్చే పొడవాటి ప్రాపెల్లర్ షాఫ్ట్ విప్పబోతే అదీ లోపలికి జరగడం లేదు. గ్యాస్ టార్చ్‌తో వేడి చేయవచ్చా అని అడుగుతున్నారు.

ఇవాళ మాత్రం వద్దు. దాని అవసరం రావచ్చు, రాకపోవచ్చు. నేను ఇదే యాక్సిల్ రకం మీద, ఇదే సీలు కోసం, ఎడమ వైపు మూడు రోజులు పోరాడాను. కుడి వైపు అదే పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. రెండు వైపులా తుప్పు ఒకటే, పనిముట్లు ఒకటే. ఫ్లాంజ్‌ను నిజంగా ఏది పట్టుకుని ఉందో కుడి వైపుకు వచ్చేసరికి తెలిసింది, అంతే తేడా.

మీ ఫ్లాంజ్ స్టడ్లను (నట్లు ఎక్కే, తల లేని బోల్టులు) శుభ్రంగా తుడిచి దగ్గరగా చూడండి. నట్టు తీసిన తర్వాత స్టడ్డు చుట్టూ ఒక సన్నటి ఉంగరం కనిపిస్తోందా? దానికి ఒక చోట చీలిక ఉంటుంది. అదే కోన్ వాషర్. పాత టొయోటా ల్యాండ్ క్రూయిజర్‌ల సాలిడ్ యాక్సిల్‌లో ఇవి ఉంటాయి, ఇంకొన్ని బండ్లలోనూ ఉంటాయి. ఫ్లాంజ్ రంధ్రం గరాటులా ఉంటుంది, ఈ వాషర్ అందులో బిరడాలా కూర్చుంటుంది. నట్టు బిగించే కొద్దీ స్టడ్డును కరిచిపట్టి ఫ్లాంజ్‌ను ఏమాత్రం కదలనివ్వదు. చక్రానికి వెళ్లే బలం మొత్తం ఆ పట్టు మీదుగానే వెళ్తుంది కాబట్టి దాన్ని అంత గట్టిగా తయారు చేశారు. నట్టు తీసినంత మాత్రాన అది వదలదు. ఏళ్ల తరబడి బురద, తుప్పు పట్టి ఉంటే అది ఫ్లాంజ్‌లో భాగంలాగే కనిపిస్తుంది, వేరే ముక్క అని కంటికి తెలియదు. నేను రెండు రోజులు పుల్లర్‌తో లాగింది ఆరు బిరడాలకు ఎదురుగా. ఆ లాగుడులో రెండు స్టడ్ల చివరలు చితికి మర పాడైంది. తర్వాత వాటిని తీసి కొత్తవి వేయాల్సి వచ్చింది.

వీటిని వదిలించడానికి లాగుడు పనికిరాదు, అదురు కావాలి. ముందు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ చీలికలోకి దిగేలా కొట్టి వదిలేయండి, ఉదయం మరోసారి కొట్టండి. తర్వాత ఒక్కో నట్టును స్టడ్డు చివరతో సమానంగా వచ్చేదాకా తిరిగి ఎక్కించండి. ఇలా చేస్తే మర కాపాడబడుతుంది, ఎగిరి వచ్చే వాషర్ కూడా ఎక్కడికో పోదు. ఇత్తడి రాడ్డును స్టడ్డు మీద నిటారుగా పెట్టి రెండు పౌండ్ల సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేయండి. చిన్న చిన్న దెబ్బలు పది వేసినా రానిది ఒక్క సరైన దెబ్బకు వస్తుంది. వదిలినప్పుడు "టిక్" మని వేరే శబ్దం వస్తుంది, వాషర్ ఒక మిల్లీమీటరు పైకి లేచి కనిపిస్తుంది. ఒకటి మొండికేస్తే దాన్ని వదిలి ఎదురు స్టడ్డుకు వెళ్లండి, మళ్లీ రండి. చీలికలో సన్నటి స్క్రూ డ్రైవర్ పెట్టి కొద్దిగా విడదీస్తే కూడా సాయం అవుతుంది. ఫ్లాంజ్ అంచు మీద పక్క నుంచి ఇత్తడితో కొట్టడం ఇంకో దారి. వెనక యాక్సిల్‌లోనూ ఇవే వాషర్లున్న బండి అయితే యాక్సిల్ ఫ్లాంజ్ సరిగ్గా నడిమధ్యలో పెద్ద ఇత్తడి సుత్తితో కొడితే చాలాసార్లు అన్నీ ఒకేసారి లేస్తాయి.

ఇనుప సుత్తితో నేరుగా కొట్టకండి, ఇది గట్టిగా చెబుతున్నాను. గట్టిపరిచిన ఉక్కు మీద గట్టిపరిచిన ఉక్కు పడితే పెచ్చు లేచి తూటాలా వస్తుంది. కంటికి అద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

మీ ఫ్లాంజ్‌కు కోన్ వాషర్లు లేవనుకోండి, లేదా అన్నీ వదిలినా ఫ్లాంజ్ రావడం లేదనుకోండి. అప్పుడు అది ఎలా మొండికేస్తోందో గమనించండి. కొన్ని మిల్లీమీటర్లు బయటకు వచ్చి ఠక్కున ఆగిపోతుంటే మధ్యలో మూత కింద యాక్సిల్ చివర గాడిలో కూర్చునే స్ప్రింగు ఉంగరం, సర్‌క్లిప్, ఇంకా తీయలేదని అర్థం. యాక్సిల్ చివర మర గుంట ఉంటే అందులో బోల్టు బిగించి యాక్సిల్‌ను బయటకు లాగి పట్టుకుంటే సర్‌క్లిప్ గాడి ముందుకు వస్తుంది, తీయడం తేలిక. ఫ్లాంజ్ అసలు చలించడమే లేదంటే గాస్కెట్ (రెండు ముఖాల మధ్య కారకుండా పెట్టే పల్చటి పొర) అతుక్కుపోయిందో, తుప్పు పట్టేసిందో. ఫ్లాంజ్ ముఖం మీద స్టడ్లు లేని ఖాళీ మర రంధ్రాలు రెండు ఉన్నాయేమో వెతకండి. అవి ఊరికే పెట్టినవి కావు. సరిపడే బోల్టులు రెండిటినీ అరచుట్టు అరచుట్టు చొప్పున, ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తూ పోతే ఫ్లాంజ్ తనంతట తానే లేస్తుంది. కానీ కోన్ వాషర్లు వదలకుండా వీటిని బిగిస్తే ఆ రంధ్రాల మర ఊడిపోతుంది, కాబట్టి క్రమం తప్పకండి.

లాకింగ్ హబ్ (ముందు చక్రాన్ని యాక్సిల్‌కు కలిపే, విడదీసే డయల్ ఉన్న భాగం) ఉన్న బండి అయితే ఇంకో సంగతి. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి గట్టి రోడ్డు మీద నడిపితే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి, మధ్యలో ఆ తేడాను మింగే డిఫరెన్షియల్ ఉండదు. ఆ మెలి షాఫ్టుల్లోనే నిలిచిపోతుంది. హబ్ డయల్ తిరగదు, ఫోర్ వీల్ డ్రైవ్ వేసే ట్రాన్స్‌ఫర్ లివర్ రాదు, ప్రాపెల్లర్ షాఫ్ట్ బోల్టులు పానాకు లొంగవు. చూసేవాళ్లు తుప్పు అనుకుంటారు. విప్పే ముందు బండిని నాలుగైదు మీటర్లు తిన్నగా వెనక్కి నడపండి, లేదా ఒక ముందు చక్రాన్ని జాక్‌తో నేల నుంచి లేపండి. చక్రం ఒక్కసారి గిర్రున కొంచెం తిరిగి ఆగితే మెలి వదిలినట్టు. చేతులు, పానాలు అక్కడ లేకుండా చూసుకోండి.

ఇక మీ ప్రాపెల్లర్ షాఫ్ట్. షాఫ్ట్ పొడవు పెరిగి తగ్గేలా ఒకదానిలో ఒకటి జారే చోటు, అంటే స్లిప్ జాయింట్‌కు ఉన్న గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మొన) విప్పేసి, ఇప్పుడు నొక్కి చూడండి. గ్రీజు గన్‌తో నిండుగా కొట్టిన జాయింట్‌లో గ్రీజుకు బయటకు పోయే దారి ఉండదు, అది రాయిలా అడ్డం నిలుస్తుంది. నాది కూడా అంతే. తుప్పు అనుకుని సగం రోజు నూనె పోశాను. నిపుల్ తీశాక వేలెడు గ్రీజు బయటకు వచ్చి షాఫ్ట్ చేత్తోనే జరిగింది. రెండు సగాలు విడిపోయే ముందు రెండింటి మీదా ఒకే గీత గీయండి, ఫ్లాంజ్‌ల మీద కూడా. గీత లేకుండా ఒక పన్ను అటూ ఇటూ ఎక్కిస్తే రెండు చివరల యోక్‌లు (జాయింట్‌ను పట్టుకునే కొమ్ముల్లాంటి భాగాలు) వరస తప్పి బండి వణుకుతుంది.

ఈ షాఫ్ట్ విషయంలో ప్రాణం మీదకు వచ్చే మాట ఒకటుంది. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ లాంటి బండ్లలో హ్యాండ్ బ్రేక్ చక్రాల మీద కాకుండా ట్రాన్స్‌ఫర్ బాక్స్ (ముందు, వెనక షాఫ్టులకు బలం పంచే గేర్ల పెట్టె) వెనక ఉంటుంది. వెనక షాఫ్ట్ విప్పగానే హ్యాండ్ బ్రేక్, గేరు రెండూ వెనక చక్రాలను పట్టుకోవడం మానేస్తాయి. బండి మీ మీద నుంచే దొర్లుతుంది. సమతలమైన చోట, చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టి, జాక్ మీద కాకుండా స్టాండ్ల మీద నిలిపి మాత్రమే కిందకు దూరండి.

ఫ్లాంజ్ వచ్చేసిందనుకుందాం. బేరింగ్ నట్ల మధ్య ఉన్న లాక్ వాషర్ చెవులు చదును చేసి నట్లు విప్పితే హబ్ వస్తుంది. తర్వాత అసలు మొండిఘటం స్టబ్ యాక్సిల్, అంటే హబ్ బేరింగులు కూర్చునే, నకిల్‌కు బిగించిన గొట్టం. బోల్టులన్నీ తీసినా నకిల్‌లోకి దిగిన దాని గుండ్రటి మెడ దగ్గర తుప్పు పట్టేస్తుంది. ఇనుము తుప్పుగా మారితే మొదటి ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, వేరే దారి లేక రెండు లోహాల మధ్య బిగుసుకుంటుంది. అందుకే వదులుగా అమర్చిన భాగాలు కూడా ఏళ్లు గడిస్తే పట్టేసినట్టవుతాయి.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. స్టబ్ యాక్సిల్‌కు, నకిల్‌కు మధ్య ఉలి పెట్టి దిగ్గొట్టాను. వచ్చింది, కానీ గాస్కెట్ కూర్చునే ముఖం మీద రెండు లోతైన గాట్లు పడ్డాయి. ఏ సీలు కోసం ఇదంతా విప్పానో, నెల తిరగకుండా అదే చోట నుంచి గ్రీజు కారడం మొదలైంది. మళ్లీ అంతా విప్పి ఆకురాయితో గాట్ల అంచులు సమం చేసుకోవలసి వచ్చింది.

మీరు ఇలా చేయండి. పాత బేరింగ్ నట్టును స్టబ్ యాక్సిల్ చివర ఎక్కించండి, మరకు రక్షణ. మెత్తటి ముఖం ఉన్న సుత్తితోనో, గట్టి చెక్క దిమ్మ అడ్డం పెట్టి మామూలు సుత్తితోనో పై నుంచి ఒక దెబ్బ, కింద నుంచి ఒక దెబ్బ, అటు ఒకటి, ఇటు ఒకటి వేయండి. బేరింగ్ కూర్చునే నున్నటి భాగం మీద మాత్రం దెబ్బ పడకూడదు. బయటకు లాగాలని ఆత్రపడకండి, ముందు గుండ్రంగా కొంచెం తిరిగేలా చేయండి. ఒక్క డిగ్రీ తిరిగిందంటే తుప్పు పగిలినట్టే. ఆయిల్ కొట్టి అటూ ఇటూ తిప్పుతూ ఉంటే పది నిమిషాల్లో చేతికి వస్తుంది. బోల్టు తల వెనక సాకెట్ ఇరికించి, స్టీరింగ్ తిప్పి ఆ బలంతో తోయించే పద్ధతి కొందరు వాడతారు. పని చేస్తుంది. కానీ సాకెట్ జారితే ఎటు ఎగురుతుందో చెప్పలేం, బోల్టు రంధ్రం కూడా పాడవుతుంది. నేనైతే చేయను.

వేడి ఎప్పుడంటే, రెండు రోజులు ఆయిల్‌తో నానబెట్టి, అదురుతో ప్రయత్నించి, పట్టుకున్న క్లిప్పు గానీ వాషర్ గానీ ఏదీ మిగల్లేదని ఖాయం చేసుకున్నాక. వేడి బయటి భాగానికి ఇవ్వాలి, లోపలి దానికి కాదు. 100 మిల్లీమీటర్ల ఉక్కు రంధ్రాన్ని 100 డిగ్రీల మేర వేడెక్కిస్తే దాదాపు 0.12 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. తుప్పు పట్టు విరగడానికి అది చాలు, ఎర్రగా కాల్చాల్సిన పని లేదు. రుద్ది మెరిపించిన చోట పసుపు రంగు తిరిగితే 200 డిగ్రీలు దాటిందని లెక్క, నీలం వస్తే 300 దగ్గరకు వెళ్లింది. ఆ లోపే ఆగండి, లేకపోతే ఉక్కు గట్టిదనం పోతుంది. రబ్బరు సీళ్లు అంతకంటే ముందే మాడిపోతాయి, ఎలాగూ మారుస్తున్నవైతే పర్వాలేదు. బ్రేక్ గొట్టం, వైర్లు పక్కకు కట్టేయండి. కొట్టిన ఆయిల్, గ్రీజు పూర్తిగా తుడిచేయండి, అవి అంటుకుంటాయి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన భాగాన్ని అసలు వేడి చేయవద్దు. దాని నుంచి ఫాస్‌జీన్ అనే విష వాయువు పుడుతుంది. కొంచెం పీల్చినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

తిరిగి ఎక్కించేటప్పుడు తుప్పు అంతా వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో తీసి స్టబ్ యాక్సిల్ మెడకు పల్చగా గ్రీజు రాయండి. కోన్ వాషర్లకు, వాటి రంధ్రాలకు మాత్రం గ్రీజు వద్దు, పొడిగా, శుభ్రంగా ఉండాలి. చీలిక మూసుకుపోయిన వాషర్లు పారేసి కొత్తవి వేయండి. ఫ్లాంజ్ రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా సాగి ఉంటే, ఫ్లాంజ్ మునుపు వదులుగానే తిరిగిందని అర్థం, దాన్నీ మార్చాల్సిందే. నట్లు మీ బండి మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించి, వంద కిలోమీటర్లు నడిపాక మరోసారి రెంచి వేసి చూడండి. కొత్తగా కూర్చున్న కోన్‌లు కొంచెం సర్దుకుంటాయి. నావి ఆరింటిలో నాలుగు అప్పుడు పావు చుట్టు తిరిగాయి.