బీభత్సానికి ఎన్ని ఒత్తులు?

సందేహం: మా గ్రంథాలయంలో నెలకొకసారి కథ చదివించుకుంటాం. పోయిన నెల మా ప్రాంతపు కథకుడే ఒకరు నాలుగు పేజీల కథ చదివారు. కోటిపల్లి రేవులో ఆఖరి పంటు పడవలో ఏరు దాటి భర్త రాత్రివేళ ఇంటికి వస్తాడు. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ తువ్వాలు తెమ్మంటాడు. భార్య తువ్వాలు తీసుకుని గుమ్మం దాటబోతుంటే లోపల ఫోను మోగుతుంది. ‘పంటు తప్పిపోయింది, పొద్దున్నే వస్తాను, తలుపు వేసుకుని పడుకో’ అని భర్త గొంతు. కథ అంతే. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక కుర్రవాడు ‘బీభత్సంగా ఉందండీ’ అన్నాడు. విశ్రాంత ఉపాధ్యాయులొకరు అభిప్రాయాల పుస్తకంలో ‘భీభత్స రసప్రధానం’ అని రాశారు. ఇంకొకరు ‘భయంకరంగా రాశారు’ అన్నారు, మరొకరు ఒళ్ళు గగుర్పొడిచిందన్నారు. వెనక బల్ల మీద కూర్చున్న ఒక ముసలమ్మగారు ‘జడిపించేశావు నాయనా’ అన్నారు. కథకుడు నా దగ్గరకు వచ్చి ‘వీళ్ళు మెచ్చుకున్నట్టా, తిట్టినట్టా?’ అని అడిగారు. ఏం చెప్పను? అసలు బీభత్సమా, భీభత్సమా?
— ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: అమ్మా, మీరు నాలుగు వాక్యాల్లో చెప్పిన కథకే నేను రాత్రి లేచి పెరటివైపు కిటికీ మూసి వచ్చాను. ముందు ఈ మాట ఆ కథకుడికి చెప్పండి. తరువాత ఒత్తుల సంగతి చూద్దాం.

ఉపాధ్యాయులవారు పొరబడ్డారు. బీభత్సమే సరైనది, మొదటి అక్షరానికి ఒత్తు లేదు. ఇంతటితో ఊరుకోవచ్చు కానీ, ఈ మాట పుట్టుక నాకు ఎంతో ఇష్టం. నలభై ఏళ్ళుగా పాఠం చెప్పిన చోటల్లా చెప్పాను, మీకూ చెబుతాను.

ధాతువు బధ్. బాధకు దగ్గర చుట్టం. దీనికి సన్ ప్రత్యయం చేరితే ధాతువు రెండుసార్లు పలుకుతుంది. ముందు వచ్చేది అభ్యాసం, దానికి దీర్ఘం. మాన్ ధాతువు నుంచి మీమాంస ఎలా వచ్చిందో బధ్ నుంచి బీభత్స అలాగే వచ్చింది. పాణిని ఈ రెండింటినీ ఒకే సూత్రంలో కూర్చోబెట్టాడు. ఎంతో గంభీరంగా కనిపించే మీమాంసకు తోడబుట్టినది బీభత్సం! అయితే బధ్‌లో బకారానికి లేని ఒత్తు బీభత్సలో రెండో అక్షరానికి ఎక్కడి నుంచి వచ్చింది? చివర ఉన్న ధకారం సకారం పక్కన చేరగానే తన ఒత్తు పోగొట్టుకుని తకారమైంది. పోయిన ఒత్తు వృథా కాకుండా ముందున్న బకారం మీదికి ఎక్కింది. ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టె ముందుగదిలో దింపి వెళ్ళినట్టు. ధాతువు దగ్గర ఉన్నదే ఒక్క ఒత్తు, అది ‘భ’కు చెల్లిపోయింది. మరి ‘బీ’ కింద పెట్టే రెండో ఒత్తు ఎవరి ఇంటి నుంచి తెచ్చారు?

ఎవరి ఇంటి నుంచో నాకు తెలుసు. భీతి, భీకరం, భీషణం ఉన్న ఇంటి నుంచి. భయపెట్టే మాటలన్నీ ‘భీ’తో మొదలవుతుంటే ఇదొక్కటి ఎందుకు విడిగా ఉండాలని తెలుగువాడి చెయ్యి తనంతట తానే ఒత్తు పెట్టేస్తుంది. అందులోనూ మీ గోదావరి సీమవారికి ‘భీ’ మరీ అలవాటు. కోటిపల్లి నుంచి కాస్త దూరం వెళితే దాక్షారామంలో భీమేశ్వరుడు, అటు సామర్లకోటలో మరో భీమేశ్వరుడు, వసిష్ఠ గోదావరి దాటి వెళితే ఏకంగా భీమవరం. (దాక్షారామాన్ని ద్రాక్షతోటగా మార్చినవారితో ఇవాళ తగువు పెట్టుకోను.) భీముడంటే ఎవరి వలన లోకం భయపడుతుందో అతడు. భయానక శబ్దమూ ఆ కోవదే. భయంకరం మాత్రం వేరు. అది భయాన్ని చేసేది, కర్త వైపు మాట. భయానకం భయపడేవాడి వైపు నుంచి చూసిన మాట. కథకుడు భయంకరుడు కావచ్చు, కథ భయానకం కావాలి. ఈ తేడా పాటించమని ఎవరినీ బలవంతపెట్టను, తెలిస్తే చాలు. ఒకవేళ బీభత్సం భీ ధాతువు నుంచే పుట్టిందనుకున్నా మీ ఉపాధ్యాయులవారి ఒత్తు నిలవదు. అభ్యాసానికి ఒత్తు ఉండదు కదా. బభూవ అంటాం కానీ భభూవ అనం, బిభేతి అంటాం కానీ భిభేతి అనం.

ఒత్తు పోతే పోనివ్వండి, అర్థం కూడా పోతోంది. నా బాధ అది. బీభత్స రసానికి స్థాయి, అంటే మూలమైన భావం, భయం కాదు, జుగుప్స. రోత, ఏవగింపు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో భయాన్నీ జుగుప్సనూ ఒకే కారక సూత్రంలో పక్కపక్కనే పెట్టి రెండింటికీ ‘వలన’ వర్ణకం, అంటే విభక్తి ప్రత్యయం, చెప్పాడు. విభక్తి ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకటవుతాయా? పాము వలన భయపడతాం, కుళ్ళిన చేప వలన రోస్తాం.

ఈ తేడా కళ్ళకు కట్టాలంటే విరాటపర్వంలోని జమ్మిచెట్టు కిందికి రావాలి. తిక్కన భారత రచన మొదలుపెట్టింది ఈ పర్వంతోనే. వానలు పడకపోతే మన పల్లెల్లో చదివించేదీ ఇదే. కౌరవసేనను చూడగానే ఉత్తరుడికి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. సంస్కృత మూలంలో ‘నా రోమాలు చూడు’ అని బృహన్నలకు చూపిస్తాడు కూడా. అది భయం. రథం దిగి పారిపోతాడు. బృహన్నల పట్టి తెచ్చి జమ్మిచెట్టు ఎక్కి ఆయుధాలు దించమంటే ఈసారి ఇంకో అడ్డు చెబుతాడు: చెట్టుకు శవం కట్టి ఉందని విన్నాం, రాజకుమారుణ్ణి, ఎలా ముట్టుకోను? అది జుగుప్స. ఎవరూ చెట్టు దగ్గరకు రాకుండా పాండవులు చేసిన ఏర్పాటు అది. గడియ తేడాలో ఒకే కుర్రవాడు ముందు భయపడ్డాడు, తరువాత రోశాడు. కవి రెండింటినీ కలిపి ముద్ద చేయలేదు. ఆ చెట్టు కిందే అర్జునుడు తన పది పేర్లకూ అర్థం చెబుతూ, ‘యుద్ధంలో బీభత్సమైన పని ఎన్నడూ చేయను, అందుకే నన్ను బీభత్సుడంటారు’ అంటాడు. నీచమైన పనిని రోసేవాడు. మూలంలో అది బీభత్సు. భిక్షువు, జిజ్ఞాసువు లాగా మనం బీభత్సువు అనవలసింది, బీభత్సుడితో సరిపెట్టుకున్నాం.

చిన్నప్పుడు ఆషాఢంలో ఉరుము ఉరిమితే మా నాయనమ్మ పిల్లలందరినీ వసారాలోకి లాగి, గుంజ పట్టుకుని ‘అర్జునః ఫల్గునః పార్థః కిరీటీ శ్వేతవాహనః’ అందుకునేది. ‘బీభత్సుర్విజయః’ దగ్గరకు వచ్చేసరికి మెరుపు మెరిస్తే గొంతు పెంచేది. ఆవిడకు అక్షరం ముక్క రాదు. అయినా ‘బీ’కి ఒత్తు పలికిన పాపాన పోలేదు. (‘భ’కు కూడా పలికేది కాదనుకోండి.) భయం పోవడానికి తలుచుకునే పేరు, చూడండి, నేడు ఏ గతి పట్టిందో! బీభత్సంగా తిన్నాడట, బీభత్సంగా నవ్వాడట, పెళ్ళిలో పూతరేకులు బీభత్సంగా ఉన్నాయట. ఆ పూతరేకులు చేసినవారు వింటే ఏమనుకుంటారు? పత్రికలవారు తక్కువ తినలేదు. లారీ బీభత్సం, కోతుల బీభత్సం! 1996 నవంబరు తుపాను తరువాత కోనసీమలో తిరిగినవారికి ఈ మాట అసలు అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. కొబ్బరిచెట్లు మొదళ్ళతో సహా పడిపోయి, కాలువల్లో పశువుల కళేబరాలు ఉబ్బి తేలుతుంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని గట్టు మీద నడిచాం. దాన్ని బీభత్సమన్న పత్రికను అప్పుడు నేను తప్పుపట్టలేదు. కోతి అరటిగెల ఎత్తుకుపోతే అదే మాటా?

ఇప్పుడు మీ కథకు వద్దాం. అందులో నెత్తురు లేదు, శవం లేదు, కంపు లేదు. ఒక తువ్వాలు, ఒక ఫోను ఉన్నాయి. రోయడానికి ఏమీ లేదు కాబట్టి అది బీభత్సం కాదు, ఒత్తు పెట్టినా పెట్టకపోయినా. భయానకం. బీభత్సం నుంచి భయానకం పుడుతుందన్నాడు నాట్యశాస్త్రం రాసిన భరతుడు. మీ కథకుడు తల్లి లేకుండానే బిడ్డను కన్నాడు. నాకు అదే గొప్పగా తోచింది.

అలాగని ఆ కుర్రవాడిని తప్పుపట్టమంటారా? గట్టిగా చెప్పలేను. ‘కథ అదిరింది’ అని ఉంటే మీరు ఉత్తరం రాసేవారా? అదరడం అంటే వణకడమే, అదీ భయం ఇంటి మాటే. ఎప్పుడో మెప్పు ఇంటికి కాపురానికి వెళ్ళింది, ఎవరూ వెనక్కు పిలవలేదు. ‘తెగ నచ్చింది’లోని తెగ ఏ కత్తికి తెగిందో ఎవరైనా ఆలోచిస్తున్నారా? బీభత్సం కూడా ఇంకో తరానికి అలాగే స్థిరపడవచ్చు. పడేలోగా నా ఎదుట అనకుంటే చాలు. రసవిచారం చేసేటప్పుడు, అభిప్రాయాల పుస్తకంలో రాసేటప్పుడు మాత్రం కూడదు.

‘భయంకరంగా రాశారు’ అనడంలో చిక్కు ఉంది. దస్తూరి బాగులేకపోయినా అంటాం. కథ భయపెట్టిందనుకుంటే ‘భయపెట్టింది’ అనే అనండి, క్రియ ఉండగా ఈ ‘గా’లు ఎందుకు? గగుర్పాటు భయానికీ వస్తుంది, సంతోషానికీ వస్తుంది. దాన్ని మెప్పు కింద జమ కట్టుకోవచ్చు.

నన్నడిగితే ఆ సభలో సరిగ్గా మాట్లాడింది ముసలమ్మగారు. జడియడం పాత కావ్యాల్లో ఉన్న మాట, ఇప్పటికీ పిల్లవాడికి జడుపు జ్వరం తగిలిందని తాయెత్తు కడుతున్నారు. సంస్కృతం అరువు తెచ్చుకోకుండా, ఒత్తుల తగాదా లేకుండా తేల్చేశారు. పైగా నాయనా అన్నారు. తిట్టేవారు నాయనా అనరు, ఆ సంగతి కథకుడికి చెప్పి ఊరట కలిగించండి. కలిసినప్పుడు నా తరఫున ఒక్కటి అడగండి: ఫోను పెట్టేశాక ఆవిడ తువ్వాలు ఇచ్చిందా, లేదా?